మెదడు కోసం పెప్టైడ్‌లు: ఏది ఎవరికి, ఏది ఎవరికీ వద్దు

బెంగళూరులో మెదడు పెప్టైడ్‌ల గురించి ఆరా తీసే తెలుగువాళ్లు రెండు రకాలు. మొదటివాళ్లు మారతహళ్లి, బెల్లందూరు వైపు గదుల్లో ఉండే కుర్రాళ్లు. రాత్రి షిఫ్టులు, చాలీచాలని నిద్ర, పొద్దున్నే మీటింగు. ముక్కులో రెండు చుక్కలు వేసుకుంటే బుర్ర చురుగ్గా పనిచేస్తుందట, నిజమేనా అన్నది వాళ్ల ప్రశ్న. రెండోవాళ్లు నిమ్హాన్స్ ఆవరణలోనో, ఏదో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూ బయటో కూర్చుని ఉంటారు. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో పక్షవాతంతో తీసుకొచ్చిన తండ్రి లోపల ఉంటాడు. చేతిలో మందుల చీటీ ఉంటుంది. అందులో ఎన్నడూ వినని ఇంజెక్షన్ ఒకటి పది రోజులకు రాసి ఉంటుంది. ఈ ఇద్దరి అవసరాలూ వేరు, ఇద్దరికీ ఉన్న ప్రమాదాలూ వేరు. అమ్మేవాళ్లు మాత్రం ఇద్దరికీ ఒకే మాట చెబుతారు: “మెదడు కణాలను కాపాడుతుంది.”

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ రంగంలో పెద్ద పరీక్షకు నిలబడి ఓడిపోయిన మందు గురించి మనకు చాలా తెలుసు. ఎంత మోతాదు ఇచ్చారో, ఎవరికి హాని జరిగిందో, ఎందుకు పనిచేయలేదో లెక్కలన్నీ బయట ఉన్నాయి. ఓడిపోని మందుల్లో చాలావాటిని అసలు అలాంటి పరీక్షకు నిలబెట్టనే లేదు. చిత్రమేమిటంటే బజారులో గిరాకీ అంతా వీటికే.

పోలికలోకి వెళ్లే ముందు రెండు ముక్కలు. పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. అదే గొలుసు బాగా పొడవైతే ప్రొటీన్ అంటాం. ఈ పొట్టి గొలుసులతో మూడు చిక్కులున్నాయి. మింగితే కడుపు వాటిని పప్పులో ప్రొటీన్‌ను అరిగించినట్టే అరిగించేస్తుంది. రక్తంలోకి ఎక్కిస్తే అక్కడి ఎంజైములు చాలావాటిని నిమిషాల్లో తుంచేస్తాయి. వాటినీ తప్పించుకుంటే రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ లోపలికి రానివ్వదు. అందుకే ఇవి ముక్కు చుక్కలుగానో నరానికి ఎక్కించే సూదిగానో వస్తాయి. ఒకటి రెండు మినహాయింపులున్నా, మెదడు పెప్టైడ్‌ను మాత్ర రూపంలో ఎవరైనా అమ్ముతుంటే మొదటి అనుమానం అక్కడే రావాలి.

ఇక ఎలుకల సంగతి. పక్షవాతంలో మెదడును కాపాడతాయని ప్రయోగశాలల్లో పరీక్షించిన చికిత్సలను 2006లో ఒక బృందం వరుసగా లెక్కపెట్టింది. మొత్తం 1026 తేలాయి. వాటిలో మనుషుల దాకా వచ్చినవి 114. గడ్డను కరిగించడం, లాగేయడం లాంటివి పక్కనపెడితే, ‘కణాన్ని కాపాడే మందు’ అన్న పేరుతో అన్ని దేశాలూ ఒప్పుకున్నది ఇప్పటికీ ఒక్కటీ లేదు. అందుకని “ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది” అన్న మాట దగ్గర నేను ఆగను, తర్వాతి పేజీకి వెళ్లిపోతాను.

నెరినెటైడ్: బాగా చదవాల్సిన ఓటమి

దీన్ని మీరు కొనలేరు. అయినా ముందు దీని గురించే రాస్తున్నాను, ఎందుకంటే మిగతావాటిని కొలవడానికి ఇదే గజం బద్ద.

నెరినెటైడ్‌లో 20 అమైనో ఆమ్లాలు. అందులో 11 హెచ్‌ఐవీ వైరస్‌లోని టాట్ అనే ప్రొటీన్ నుంచి తీసుకున్న ముక్క. భయపడాల్సింది లేదు, ఆ ముక్కకు జబ్బు తెచ్చే శక్తి లేదు, కణాల గోడలు దాటి లోపలికి చొరబడే గుణం మాత్రం ఉంది. మిగిలిన 9 అసలు పని చేసే భాగం. మెదడుకు రక్తం అందనప్పుడు కణాల మధ్య కబుర్లు మోసే గ్లుటమేట్ అనే రసాయనం పొంగిపొర్లుతుంది. నాడీకణం మీద దాన్ని అందుకునే ద్వారాలు, అంటే ఎన్ఎండీఏ గ్రాహకాలు, అతిగా తెరుచుకుంటాయి, వాటికి అతుక్కుని ఉన్న పీఎస్డీ-95 అనే ప్రొటీన్ ద్వారా లోపల విషపూరితమైన నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. నెరినెటైడ్ ఆ అతుకును విడదీస్తుంది. గ్రాహకాన్ని పూర్తిగా మూసేయదు కాబట్టి మెదడు మామూలు పనికి అడ్డు రాదు. కెనడాలో టొరంటోకు చెందిన మైకేల్ టిమియాన్‌స్కీ బృందం ఆలోచన ఇది. తెలివైన ఆలోచనే.

2020లో వచ్చిన ఎస్కేప్-ఎన్ఏ1 పరీక్షలో 8 దేశాల్లో 1105 మంది రోగులు పాల్గొన్నారు. అందరికీ తీగ గొట్టంతో గడ్డను లాగేసే చికిత్స చేశారు. సగం మందికి దానితోపాటు ఒక్క మోతాదు నెరినెటైడ్, మిగతా సగానికి ఉత్తుత్తి మందు. 90 రోజుల తర్వాత ఎవరి పనులు వాళ్లు చేసుకోగలిగినవారు మందు తీసుకున్నవాళ్లలో 61.4 శాతం, తీసుకోనివాళ్లలో 59.2 శాతం. తేడా లేనట్టే లెక్క.

కానీ లెక్కను విడదీసి చూస్తే ఒక విషయం బయటపడింది. గడ్డ కరిగించే ఆల్టెప్లేస్ ఇవ్వని రోగుల్లో ఆ అంకెలు 59.3, 49.8. దాదాపు పది శాతం తేడా! ఆల్టెప్లేస్ ఇచ్చినవాళ్లలో ఏమీ లేదు. ఎందుకు? ఆల్టెప్లేస్ శరీరంలో ప్లాస్మిన్ అనే ఎంజైమును నిద్రలేపుతుంది. ప్లాస్మిన్ ప్రొటీన్ గొలుసులను లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాల దగ్గర కత్తిరిస్తుంది. నెరినెటైడ్‌ను కణంలోకి చొరబెట్టే ఆ టాట్ ముక్క నిండా ఉన్నవి అవే. ఒక మందు ఇంకో మందును ముక్కలు చేసేసింది.

సరే, ఆల్టెప్లేస్ లేనివాళ్లకే ఇచ్చి చూద్దామని 850 మందితో మళ్లీ పెద్ద పరీక్ష పెట్టారు. అందులో రెండు గుంపులూ సమానంగా వచ్చాయి. కెనడాలో అంబులెన్సులోనే ఇచ్చి చూసిన పరీక్షలోనూ మొత్తం మీద తేడా కనబడలేదు. గడ్డ వల్ల వచ్చిన పక్షవాతం ఉన్న కొందరిలో మేలు జరిగిన సూచనలు మాత్రం ఉన్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పదిశాతం తేడా చూసి అక్కడితో ఆగిపోయి ఉంటే, ఈపాటికి ఈ మందును ‘నిరూపితం’ అని అమ్ముతూ ఉండేవాళ్లు. విడదీసిన లెక్కలో మెరిసినది నేరుగా పెట్టిన పరీక్షలో నిలబడలేదు. మిగతా పెప్టైడ్‌ల విషయంలో ఈ రెండో పరీక్ష దాకా వెళ్లినవారే తక్కువ.

డావునెటైడ్: ఎనిమిది అక్షరాలు

ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో ఇలానా గోజెస్ పరిశోధన నుంచి వచ్చినది ఇది. మెదడు ఎదుగుదలకు అవసరమైన ఏడీఎన్‌పీ అనే ప్రొటీన్‌లోంచి తీసిన ఎనిమిది అమైనో ఆమ్లాల ముక్క. ముక్కులో స్ప్రేగా ఇస్తారు. పీఎస్‌పీ అనే అరుదైన, పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బులో 313 మందికి ఏడాదిపాటు పరీక్షించారు. 2012 చివర్లో ఫలితం వచ్చింది: ఉపయోగం లేదు. పెద్ద హాని కూడా లేదు. పరిశోధనల్లో ఇంకా బతికే ఉంది, ముఖ్యంగా ఏడీఎన్‌పీ జన్యులోపంతో పుట్టిన పిల్లల విషయంలో. ఇంట్లో మతిమరుపు ఉన్న పెద్దవాళ్ల కోసం దీని వెనక పడాల్సిన పనిలేదు.

సెరిబ్రోలైసిన్: మందుల చీటీలో నిజంగా కనబడేది

కృత్రిమ పెప్టైడ్‌ల మధ్య దీనికి చోటివ్వడం సరికాదని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఇది ఒక్క అణువు కాదు, ప్రయోగశాలలో కూర్చినదీ కాదు. పందుల మెదడు ప్రొటీన్లను ఎంజైములతో ముక్కలు చేసి శుద్ధి చేసిన పొట్టి పెప్టైడ్‌ల, అమైనో ఆమ్లాల మిశ్రమం. ఆస్ట్రియా కంపెనీ ఎవర్ ఫార్మా తయారీ. కానీ మన కుటుంబాలకు ఎదురయ్యే ‘మెదడు పెప్టైడ్’ ఆచరణలో ఇదే. దీన్ని వదిలేసి పోలిక రాస్తే పరీక్షలో లేని ప్రశ్నకు జవాబు రాసినట్టే.

తేనెరంగు ద్రావణం. మిల్లీలీటరుకు 215.2 మిల్లీగ్రాముల గాఢ పదార్థం అని లేబుల్ మీద రాసి ఉంటుంది. పక్షవాతంలో సాధారణంగా రోజుకు 30 మిల్లీలీటర్లు, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తారు. మూర్ఛ ఉన్నవాళ్లకు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వకూడదు. ఈ సంగతి డాక్టరుకు తెలియక కాదు, రోగి చరిత్ర చెప్పేటప్పుడు చిన్నప్పటి ఫిట్స్ గురించి ఇంట్లోవాళ్లు మరిచిపోతారు కాబట్టి రాస్తున్నాను. ఇంకొకటి. శాకాహార నియమం గట్టిగా పాటించే పెద్దవాళ్లకు ఇది దేని నుంచి వస్తుందో ముందు చెప్పాలి. తర్వాత తెలిసి బాధపడేకన్నా ముందే తేల్చుకోవడం వాళ్ల హక్కు.

ఆధారాల విషయానికి వస్తే ఇక్కడ నిపుణులే రెండుగా చీలి ఉన్నారు. ఆసియాలో 1070 మందితో జరిగి 2012లో వెలువడిన కాస్టా పరీక్షలో పది రోజుల మందుకు, ఉత్తుత్తి మందుకు మొత్తం మీద తేడా రాలేదు. 2016లో వెలువడిన కార్స్ పరీక్షలో 208 మందికి 21 రోజులు, వ్యాయామ చికిత్సతో కలిపి ఇచ్చారు. అందులో చేతి కదలిక మెరుగైంది. దీని ఆధారంగా 2021లో యూరప్ నాడీవైద్యుల సంఘం తొలి దశ పునరావాసంలో వాడవచ్చని సిఫారసు చేసింది. మరోవైపు, అన్ని పరీక్షలనూ కలిపి తూచే కోక్రేన్ సమీక్ష మరణాలు తగ్గించడంలో ప్రయోజనం లేదని, ప్రాణాంతకం కాని తీవ్ర దుష్ప్రభావాలు పెరిగే అవకాశం ఉందని తేల్చింది. అమెరికాలో దీనికి అనుమతి లేదు.

ఈ రెండింటి మధ్య నా తూకం ఇది. చేయి పడిపోయి, మొదటి రెండు మూడు రోజుల్లోనే ఫిజియోథెరపీ గట్టిగా మొదలైన రోగికి, ఖర్చు భరించగల కుటుంబానికి, డాక్టరు రాస్తే వాదించక్కర్లేదు. ఫిజియోథెరపీ లేకుండా ఇంజెక్షన్ ఒక్కటే రాస్తే అడగాలి, ఎందుకంటే మేలు కనబడిన పరీక్షలో ఆ రెండూ జతగా ఉన్నాయి. ఆరు నెలల క్రితం వచ్చిన పక్షవాతానికి ఇప్పుడు కోర్సు ఎక్కించుకోమని ఎవరైనా అంటే, ఆ డబ్బుతో ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టును పెట్టుకోవడం మేలు.

ఇంకో మెలిక మన దుకాణాల్లో ఉంది. ‘సెరిబ్రోప్రొటీన్ హైడ్రోలైసేట్’ అన్న పేరుతో వేరే కంపెనీల సీసాలు, మాత్రలు కూడా దొరుకుతాయి. పైన చెప్పిన పరీక్షలు వాటి మీద జరిగినవి కావు. పారాసెటమాల్ లాంటి మందు ఎవరు చేసినా అణువు ఒకటే. ఇది అలా కాదు, ముక్కలు చేసే పద్ధతి మారితే మిశ్రమమే మారిపోతుంది. ఇక మాత్రల సంగతి: నరానికి ఎక్కించి సంపాదించిన ఆధారాన్ని నోటితో మింగేదానికి అరువు ఇవ్వలేం. మెడికల్ షాపులో “అది లేదు సార్, ఇది కూడా అదే” అంటే ఊరుకోకండి, రాసిన డాక్టరుకు ఫోను చేసి అడగండి.

సెమాక్స్, సెలాంక్: కుర్రాళ్ల గిరాకీ

సెమాక్స్ ఏడు అమైనో ఆమ్లాల గొలుసు. ఏసీటీహెచ్ అనే హార్మోనులోని చిన్న ముక్కకు ప్రోలీన్-గ్లైసీన్-ప్రోలీన్ అనే తోక తగిలించి మాస్కోలో తయారు చేశారు. ఆ తోక వల్ల ఎంజైములు త్వరగా తుంచలేవు. హార్మోను లక్షణం పోయింది, మెదడు మీది ప్రభావం మిగిలింది. ఎలుకల్లో బీడీఎన్ఎఫ్ అనే నాడీ పోషక ప్రొటీన్‌ను పెంచుతుందని చూపించారు. సెలాంక్ కూడా ఏడే. టఫ్ట్సిన్ అనే, రోగనిరోధక వ్యవస్థకు చెందిన నాలుగు అమైనో ఆమ్లాల ముక్కకు అదే తోక. దాన్ని ఆందోళన తగ్గించడానికి వాడతారు. మెదడు రక్షణ కోసం సెలాంక్ అని ఎవరైనా అమ్మితే, అది వాడే పని అది కాదని గుర్తుంచుకోండి.

“అన్నా, సెమాక్స్‌ను రష్యా ప్రభుత్వమే అత్యవసర మందుల జాబితాలో పెట్టిందట కదా, ఇక భయమెందుకు?” అని ఆఫీసులో చిన్నవాళ్లు అడుగుతుంటారు. పెట్టిన మాట నిజం, 2011లో. అక్కడ పక్షవాతం రోగులకు న్యూరాలజిస్టులు రాస్తారు. అయితే దాని వెనక ఉన్న మానవ పరీక్షలు చిన్నవి, ఎక్కువ భాగం రష్యన్ పత్రికల్లోనే వచ్చాయి, వందమంది చిల్లర ఉన్నదే పెద్దదిగా చెప్పుకోవాలి. నెరినెటైడ్ నిలబడిన గజం బద్ద పక్కన పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉండి, నిద్ర తక్కువై, కోడ్ రాసే ముప్పై ఏళ్ల మనిషిలో నెలల తరబడి వాడితే ఏమవుతుందన్నది ఆ పరీక్షలు అడిగిన ప్రశ్నే కాదు. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఫార్మసీలు సొంతంగా కలిపి ఇచ్చే మందుల విషయంలో భద్రతా ప్రమాదాలు ఉండవచ్చన్న పదార్థాల వరుసలో సెమాక్స్‌ను చేర్చింది.

అసలైన రష్యా సీసాకు కూడా ఒక ఉచ్చు ఉంది. 0.1 శాతం, 1 శాతం అని రెండు గాఢతల్లో వస్తుంది. పేరు ఒకటే, చుక్కలే కాబట్టి చూడటానికీ ఒకేలా ఉంటాయి. మొదటిదానిలో చుక్కకు 50 మైక్రోగ్రాములుంటే రెండోదానిలో 500. రెండోది పక్షవాతం కోసం ఉద్దేశించినది. మిత్రుడు చెప్పిన ‘మూడు చుక్కలు’ ఏ సీసావో అడగకుండా పాటిస్తే పదింతలు పడుతుంది.

డైహెక్సా: దీని జోలికి వద్దు

ఆన్‌లైన్‌లో దీనికి ఉన్నంత ప్రచారం మరొకదానికి లేదు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. హెచ్‌జీఎఫ్, సీ-మెట్ అనే పెరుగుదల వ్యవస్థను ఉత్తేజపరుస్తుందని వాదన. ఆ పరిశోధనలోని కొన్ని పత్రాల్లో చిత్రాలు మార్చారని విశ్వవిద్యాలయ విచారణలో తేలింది. అదే కుటుంబానికి చెందిన ఫాస్గోనిమెటాన్ అనే మందు అల్జైమర్స్ పరీక్షలో 2024లో విఫలమైంది. పైగా సీ-మెట్ క్యాన్సర్ల పెరుగుదలతో సంబంధమున్న మార్గం. దాన్ని ఏళ్ల తరబడి తట్టి లేపడం ఎంత క్షేమమో చెప్పే మానవ పరీక్ష లేదు. పునాది కదిలింది, పై అంతస్తు పడిపోయింది, ప్రమాదం మాత్రం అలాగే ఉంది. ఇంకేం పోల్చాలి?

సీసాతో వచ్చే కాగితం

‘పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అన్న చీటీతో పొడి సీసాలు కొరియర్‌లో వస్తుంటాయి. దానితోపాటు ఒక విశ్లేషణ పత్రం. “చూడండి, 99 శాతం స్వచ్ఛత” అని అమ్మేవాడు చూపించేది ఇదే. ఆ కాగితం ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో చూద్దాం.

99 శాతం అన్నది, కలిసిపోయిన పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గీసిన గ్రాఫులో ప్రధాన శిఖరం వైశాల్యం. అంటే ఆ యంత్రానికి కనబడిన పెప్టైడ్ పదార్థాల్లో 99 వంతులు ఒకటే అని. సీసాలోని పొడిలో 99 వంతులు పెప్టైడ్ అని కాదు. నీరు, పెప్టైడ్‌కు అంటుకుని ఉండే లవణాలు ఆ గ్రాఫులో కనబడవు. వాటిని తీసేస్తే మిగిలే అసలు బరువును వేరుగా రాయాలి, చాలా కాగితాల్లో ఆ గడి ఖాళీ. బాక్టీరియా గోడల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ కూడా ఆ యంత్రానికి కనబడదు. జ్వరం తెప్పించేది, రక్తపోటు పడగొట్టేది అదే. దానికి విడిగా పరీక్ష ఉంది. సూక్ష్మజీవులు లేవన్న నిర్ధారణ ఇంకో పరీక్ష.

రెండో గ్రాఫు అణువు బరువు. సెమాక్స్ అణుభారం సుమారు 814. ఆ శిఖరం పక్కనే సరిగ్గా 16 ఎక్కువున్న చోట ఇంకో శిఖరం లేచి ఉంటే, గొలుసు మొదట్లోని మెథియోనీన్‌కు ఆక్సిజన్ తగులుకుందని అర్థం, అంటే సరుకు పాడవుతోంది. చెన్నై రేవులోనో బెంగళూరు గోదాములోనో ఎండకు ఎన్నాళ్లు పడి ఉందో కాగితం మీద ఉండదు. కాగితం బయలుదేరిన నాటిది, సీసా చేరిన నాటిది కాదు. ఒకే పత్రాన్ని తేదీ మార్చి అన్ని బ్యాచులకూ జతచేసినా మీరు పట్టుకోలేరు.

సూదితో తీసుకునేవాళ్లకు మన దేశంలో అదనపు ప్రమాదం ఒకటుంది. ఇన్సులిన్ సిరంజీలు ఇక్కడ రెండు రకాలు: ఎర్ర మూతది యూ-40, నారింజ మూతది యూ-100. విదేశీ లెక్కలన్నీ యూ-100కు రాసినవి. అదే గీత దాకా యూ-40లో లాగితే రెండున్నర రెట్లు వస్తుంది. ఇన్ని తెలిసి కూడా ఇంట్లో కలుపుకుని పొడుచుకోవడానికి నేను ఏ పరిస్థితిలోనూ ఓటు వేయను.

మరి ఎవరు ఏమి ఎంచుకోవాలి

పక్షవాతం ఇప్పుడే వచ్చింది: మూతి వంకర, చేయి జారిపోవడం, మాట ముద్దగా రావడం. ఇక్కడ పెప్టైడ్ ఆలోచనే రాకూడదు. పెద్ద రక్తనాళం మూసుకుంటే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు పోతాయని అంచనా. గడ్డ కరిగించే సూదికి సాధారణంగా నాలుగున్నర గంటల గడువు. ఎంపిక చేసిన రోగుల్లో గడ్డను లాగే చికిత్సకు 24 గంటల దాకా అవకాశం ఉంది. హిందూపురంలోనో చింతామణిలోనో ఉంటే నేరుగా బెంగళూరుకు కారు తిప్పకండి. 108కు ఫోను చేసి, సీటీ స్కాన్ ఉండి ఆ సూది ఇవ్వగల దగ్గరి ఆసుపత్రికి ముందు వెళ్లండి. అక్కడి నుంచి పంపితే అప్పుడు బెంగళూరు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో పోయిన ముప్పావు గంటను ఏ పెప్టైడూ తిరిగి ఇవ్వదు. పసరు మందు కోసం ఊరు పట్టుకుపోవడం గురించి చెప్పనక్కర్లేదు.

పక్షవాతం వచ్చి వారం అయింది, కోలుకుంటున్నారు: ముందు ఫిజియోథెరపీ, మాట శిక్షణ, రక్తపోటు, రెండోసారి రాకుండా ఇచ్చే మందులు. డబ్బు మిగిలి, డాక్టరు సూచిస్తే సెరిబ్రోలైసిన్ గురించి మాట్లాడవచ్చు. సిటికోలిన్ కూడా చీటీలో ఉంటుంది చాలామందికి. అది పెప్టైడ్ కాదు, 2298 మందితో జరిగిన 2012 నాటి పరీక్షలో అదీ తేడా చూపలేదు. రెండింటికీ కలిపి బిల్లు చూసి ఫిజియోథెరపీని రోజు విడిచి రోజు చేయించే కుటుంబాలున్నాయి. ఆ లెక్క తిరగబడాలి.

మతిమరుపు భయం, లేదా ఇంట్లో డిమెన్షియా ఉంది: ఈ జాబితాలో దేనికీ ఓటు లేదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ మార్చుకోగల 14 కారణాలు చెప్పింది, అన్నీ సరిదిద్దితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా ఆపడమో వాయిదా వేయడమో చేయవచ్చని అంచనా. వినికిడి లోపం, రక్తపోటు, చెడు కొలెస్టరాల్, మధుమేహం, పొగ, ఒంటరితనం అందులో ఉన్నాయి. నాన్నగారికి చెవులు వినబడకపోతే, పెప్టైడ్ డబ్బు వినికిడి యంత్రానికి పెట్టండి. కోలారు జిల్లా శ్రీనివాసపురంలో, ఇళ్లలో తెలుగు బాగా వినబడే ఆ తాలూకాలో, బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం 45 ఏళ్లు దాటిన వేలమందిని ఏళ్ల తరబడి గమనిస్తోంది. మన తిండి, మన చదువు, మన జబ్బుల మధ్య మెదడు ఎలా ముసలిదవుతుందో తెలిపే సమాచారం అక్కడి నుంచి రావాలి.

ఆరోగ్యంగా ఉండి చురుకుదనం కోసం చూస్తున్నవాళ్లకు: వద్దు. ఈ పోలికలో ఇంత తేలిగ్గా తేలిన జవాబు ఇంకొకటి లేదు. షిఫ్టు మార్పించుకోవడం కష్టమే, నాకూ తెలుసు, మేనేజరుతో మాట్లాడటం కన్నా చుక్కలు వేసుకోవడమే సులువు. గురక ఉంటే నిద్ర పరీక్ష చేయించుకోండి, బీ12, థైరాయిడ్ చూపించుకోండి. బీ12 తక్కువైన శాకాహారి టెక్కీకి ఏ సెమాక్స్ కన్నా ఆ విటమిన్ ఎక్కువ పని చేస్తుంది.

విదేశీ మందునే కచ్చితంగా వాడాల్సిన రోగి ఉంటే, డాక్టరు చీటీతో ఫారం 12ఏలో దరఖాస్తు చేసి 12బీ అనుమతి తీసుకుని సొంత వాడకానికి కొద్దిపాటి మందు తెప్పించుకునే దారి చట్టంలో ఉంది. డాక్టరు ఆ చీటీ మీద సంతకం పెట్టడానికి వెనకాడితే, కారణం కూడా ఆయన్నే అడగండి. ఏదైనా ఆసుపత్రి ‘కొత్త పెప్టైడ్ పరీక్షలో చేర్చుకుంటాం’ అంటే నమోదు సంఖ్య అడగండి. మన దేశంలో 2009 నుంచి ప్రతి క్లినికల్ పరీక్షనూ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ జాబితాలో నమోదు చేయడం తప్పనిసరి, అది ఫోనులోనే ఉచితంగా వెతుక్కోవచ్చు. అందులో నైతిక సంఘం అనుమతి, ఎంతమందిని తీసుకుంటున్నారు, ఎవరు డబ్బు పెడుతున్నారు అన్నీ ఉంటాయి. పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర బిల్లు వసూలు చేయడం సాధారణంగా ఉండదు. సమ్మతి పత్రం తెలుగులో కావాలని అడగవచ్చు, బెంగళూరులో అయినా సరే. సంతకానికి ముందు దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామంటే అభ్యంతరం చెప్పకూడదు.